ముచ్చికలు

బ్రాడీపేట నాలుగో లైను, మేడ మీద గది.
ఫ్యాను వేస్తే ఉత్తరాలు లేచిపోతాయని
రోహిణి కార్తెలో కూడా ఆపేసి కూర్చుంటాం.
పిల్లల తెలుగుని ఇంగ్లీషు చెయ్యడం నా పని.
చేరినప్పుడు ఉత్తరానికి ఆరు రూపాయలు,
ఇప్పుడెంతో చెబితే నవ్వుతారు.

అన్నీ ఒకేలా మొదలవుతాయి:
"ప్రభువు నామములో వందనములు.
ఇక్కడ మేమందరము క్షేమము."
క్షేమము దగ్గరికొచ్చేసరికి
నా వేళ్ళు నన్నడక్కుండానే కొట్టేస్తాయి.

రానివ్వకూడనివి కొన్నున్నాయి.
తాగొచ్చిన నాన్న, జబ్బు పేరు,
అద్దె కోసం గుమ్మంలో నిలబడ్డ మనిషి,
అడుక్కున్నట్టు వినబడే ఏ మాటైనా.
అవన్నీ గిల్లి పారేస్తే మిగిలేది
వాన పడింది, పరీక్షలు రాశాను,
మీ కొరకు ప్రార్థించుచున్నాను.

నేనూ ఒకప్పుడు ముప్పై ఒకటో నంబరుని.
నా ఉత్తరాల్లోంచి ఎవరు ఏం గిల్లారో
నాకు తెలియదు.

కట్టెపోగు దీవెన, ఐదో తరగతి,
నంబరు రెండు వందల పదమూడు.
ఫొటో రోజున వేసుకున్న నీలం గౌను
రెండు వందల పన్నెండుది.
రెండు దేశాల్లో, రెండు బల్లల మీద
ఇద్దరు పిల్లలు ఒకే గౌనులో నవ్వుతుంటారు.
అబద్ధమనకండి. ఫీజు కట్టిన డబ్బు నిజం,
దీవెన కళ్ళజోడు నిజం.
నల్లబల్ల మీద అక్షరాలు ఉంటాయని
ఆ పిల్లకి తెలిసింది దాంతోనే.

పంపేది గుద్రున్ అని, నార్వేలో ముసలావిడ.
ఓసారి మంచు కురిసే ఊరి బొమ్మ పంపింది.
"మా జిన్నింగు మిల్లు దగ్గర కూడా
ఇలాగే ఉంటుంది, కానీ దగ్గొస్తుంది"
అని దీవెన రాస్తే
కానీ దగ్గర ఆపేశాను నేను.

తర్వాత ఉన్ని మేజోళ్ళొచ్చాయి, ఎర్రవి, రెండు జతలు.
క్రిస్మస్‌కని బయల్దేరి
మే నెలలో చేరాయి గుంటూరు.
పోస్ట్‌మాన్, నేనూ వాటిని చూసి
చెమట తుడుచుకుంటూ నవ్వుకున్నాం.

జూన్‌లో దీవెన ఉత్తరం:
"మీరు పంపిన మేజోళ్ళు మా అమ్మ
చేతులకి తొడుక్కుంటుంది.
యార్డులో మిరపకాయలకి ముచ్చికలు తీస్తుంది.
చేతులు మండుతాయని, నా కళ్ళలో పడుతుందని
రాత్రి నాకు జడ వేసేది కాదు.
ఇప్పుడు వేస్తోంది."

ముందు ఇలా కొట్టాను:
మేజోళ్ళు అందాయి. చాలా వెచ్చగా ఉన్నాయి. కృతజ్ఞతలు.
చదువుకున్నాను.
కింద వీధిలో ఎవరో గోలీ సోడా కొడితే
ఆ చప్పుడు మేడ దాకా వచ్చింది.
చెరిపేశాను.
ముచ్చికకి మాట దొరకలేదు.
డిక్షనరీలో కాడ ఉంది, తొడిమ ఉంది,
మండటానికి నాలుగు మాటలున్నాయి,
రోజుకి ఇన్ని కిలోలకి ఇంతని మండే మంటకి లేదు.
ఉన్నవాటితోనే రాశాను, ఏమీ తియ్యకుండా.
పాస్టరుగారు సంతకం పెట్టేటప్పుడు
కళ్ళజోడు పైకెత్తి నన్నొకసారి చూశారు.
పెట్టారు.

పదకొండు వారాలకి జవాబొచ్చింది.
దేవుడి మాట లేదు అందులో, జాలి మాటా లేదు.
"మేజోళ్ళకి వేళ్ళుండవు కదా,
పని సాగదు. నూలుతో అల్లుతాను.
అమ్మ చేతి కొలత గీసి పంపండి."

ఆదివారం ఆరాధనయ్యాక వచ్చింది సువార్తమ్మ.
కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చుంది.
"నా చెయ్యా? అంత దూరమా?"
తెల్లకాగితం మీద అరచెయ్యి పరిచింది,
సగం పరిచి, చీర కొంగుకి తుడుచుకుని,
మళ్ళీ పరిచింది.
పెన్సిలుతో చుట్టూ గీశాను.
చిటికెన వేలు వంకర, అది వంకరగానే గీశాను.
బొటనవేలి దగ్గర నా వేలు తన వేలికి తగిలింది.
ముట్టుకోవద్దమ్మా అంది.
ఎన్నిసార్లు కడిగినా పోదంది.

కాగితం మడిచి కవరులో పెట్టాను.
తనకి మంచినీళ్ళిచ్చాను.
చిరునామా రాశాను.
తర్వాత ఏ పనిలోనో పడి
మర్చిపోయి
కళ్ళు నులుముకున్నాను.